నచ్చిందని చెప్పడమే నేను చేసిన తప్పా?

ప్రశ్న

విజయనగరం నుంచి 25 ఏళ్ల పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వెయ్యొద్దన్నారు. పెద్ద ఉత్తరం కాబట్టి విషయం చెడకుండా కుదించి ఇస్తున్నాను.

ఈమె ఎం.ఏ. ఇంగ్లీషు చేసి, ఇంటి దగ్గరుండి డీఎస్సీకి చదువుకుంటున్నారు. పగలంతా పరీక్ష పుస్తకాలు, రాత్రి భోజనాలయ్యాక నవలలు. ఎక్కువగా ఇంగ్లీషులో వచ్చే యంగ్ అడల్ట్ (టీనేజి పిల్లల కోసం రాసేవి), రొమాన్స్ నవలలు, మధ్యమధ్య ఫోన్లో తెలుగు సీరియళ్లు. చదివిన ప్రతిదానికీ నోట్‌బుక్కులో 5కి ఇన్ని అని మార్కులు వేసుకుని, నాలుగు మాటలు రాసి, వాట్సాప్ గ్రూపులో పెడతారు. గ్రూపులో డిగ్రీ స్నేహితులు, జూనియర్లు, చుట్టాల పిల్లలు కలిసి 40 మంది దాకా ఉన్నారు.

రెండు నెలల కిందట ఒక రొమాన్స్ నవల గురించి "ఒక్క రాత్రిలో చదివేశాను. 5కి 5. చదవనివాళ్లు పాపం!" అని పెట్టారు. గులాబీ రంగు అట్ట, దాని మీద కార్టూన్ బొమ్మల్లాంటి అబ్బాయీ అమ్మాయీ. శ్రీకాకుళంలో ఉన్న పిన్ని కూతురు ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. అది చూసి, ఆన్‌లైన్లో చవగ్గా దొరికిన కాపీ తెప్పించుకుంది. ఒకరోజు పిన్ని మంచం సర్దుతూ పుస్తకాన్ని మధ్యకి తెరిచారు. ఆవిడ టీచరు, ఇంగ్లీషు బాగానే వచ్చు. "ఏటమ్మా, చెల్లికి నువ్వు చదివించేది ఇదా?" అని ఒక్కసారి ఫోను చేశారు. ఆ తర్వాత ఈమె ఫోను ఎత్తడమే మానేశారు. పిల్ల ఫోను లాక్కున్నారు. స్నేహితురాలి ఫోన్నుంచి ఆ పిల్ల "సారీ అక్కా" అని ఒక మెసేజ్ పెట్టింది, అంతే. ఇక్కడ ఇంట్లో అమ్మ "సంబంధాలు చూస్తన్నాం, నలుగురి నోట పడితే ఏటవుద్ది? ఆ గ్రూపూ వద్దు, ఆ పుస్తకాలూ వద్దు" అంటున్నారు.

ఇంకో గొడవ రాజాంలో ఉన్న డిగ్రీ స్నేహితురాలితో. ఆమె తెలుగులో ఒక ప్రేమ సీరియల్ రాస్తోంది. 14వ భాగంలో హీరో హీరోయిన్ని చెంపదెబ్బ కొడతాడు. ఈమె ఆ భాగం కింద అందరికీ కనిపించేలా 2 నక్షత్రాలిచ్చి, "వీడు ప్రేమికుడు కాదు, హాస్టల్ వార్డెను" అని రాశారు. స్నేహితురాలు ఎదురు ప్రశ్న వేసింది: "ఆడపిల్ల ఫోన్లో ఎవరికీ తెలియకుండా ట్రాకర్ పెట్టిన మాఫియావాడికి నువ్వే 5 ఇచ్చావు. ఇంగ్లీషులో అయితే ప్రేమ, రాజాంలో అయితే తప్పా?" ఈమె దగ్గర జవాబు లేదు. "అది ఊహాలోకం కదా, ఇది మన ఊరు కదా" అన్నారట. అక్కడితో మాటలు ఆగిపోయాయి.

అడుగుతున్నవి ఇవి: నాకు నచ్చింది నచ్చిందని చెప్పడం తప్పా? రాయడం మానెయ్యాలా? పిన్నికి క్షమాపణ చెప్తే ఆ నవల చదవడమే తప్పని ఒప్పుకున్నట్టు కాదా? స్నేహితురాలికిచ్చిన 2 నక్షత్రాలు వెనక్కి తీసుకోవాలా?

సమాధానం

మొదటి ప్రశ్నకి చిన్న జవాబు: తప్పు కాదు. 25 ఏళ్ల మనిషి పెద్దల కోసం రాసిన రొమాన్స్ చదవడంలోనూ తప్పు లేదు, బాగుందనడంలోనూ తప్పు లేదు. మిగిలిన మూడింటికీ అంత చిన్న జవాబులు లేవు.

మీరు రెండు గొడవల్నీ విడివిడిగా రాశారు. మీ అభిప్రాయాలు రెండూ పక్కపక్కన పెట్టి చదివితే గొడవ ఒక్కటే అనిపించింది. "చదవనివాళ్లు పాపం" అన్నదాంట్లో మీ సంబరం తెలుస్తోంది. "హాస్టల్ వార్డెను" అన్నదాంట్లో మీ కోపం తెలుస్తోంది. పుస్తకంలో ఏముంది, అది ఎవరికి పనికొస్తుంది అన్నవి మాత్రం రెండింట్లోనూ లేవు. నోట్‌బుక్కులో ఉన్నంతకాలం ఆ లోటు ఎవరికీ కనిపించలేదు, ఎందుకంటే చదివేది మీరొక్కరే. 40 మంది చదివేచోట పెట్టాక మీ చెల్లి ఒక లోటులో పడింది, మీ స్నేహితురాలు ఇంకో లోటుని పట్టుకుంది.

ముందు పిన్ని సంగతి. ఆవిడ పుస్తకాన్ని మధ్యకి తెరవడం మీకు కలిసిరాలేదు. ఈ కాలపు రొమాన్స్ నవలలకి ఒక అలవాటైన నడక ఉంది. మొదటి పావులో ఇద్దరికీ పడదు, లేదా ప్రేమికుల్లా నటించాల్సిన అవసరం వస్తుంది. సగానికి అటూ ఇటూగా దగ్గరవుతారు. ముప్పావు దగ్గర ఏదో అపార్థంతో విడిపోతారు. చివరి పావులో కలుస్తారు. అందుకని శృంగార దృశ్యాలు సాధారణంగా సగం నుంచి ముప్పావు దాకా ఉంటాయి. 360 పేజీల పుస్తకమైతే 180 నుంచి 270 మధ్య అన్నమాట. అక్కడ ఒక్క పేజీ చదివిన తల్లికి పుస్తకమంతా అదే అనిపించడంలో ఆశ్చర్యం లేదు. మీ నోట్‌బుక్కులో ఆ పుస్తకం గురించి రాసుకున్న మాటలన్నీ హీరోయిన్ హాస్యం గురించి, ఆమె ఉద్యోగం గురించి. మీరిద్దరూ ఒకే పుస్తకం చదివినా చూసిన పేజీలు వేరు.

అట్ట సంగతి కూడా ఉంది. 2010ల చివర్నుంచి పెద్దల రొమాన్స్ నవలలకి ఫొటోలు తగ్గి, ఇలాంటి బొమ్మల అట్టలు ఎక్కువయ్యాయి. బస్సులోనో ఆఫీసులోనో మొహమాటం లేకుండా చదువుకోవచ్చు, దుకాణంలో ముచ్చటగా కనబడుతుంది. ఇబ్బందల్లా బడిపిల్లల కథలకీ అవే బొమ్మలు, అవే రంగులు కావడం. అట్ట చూసి వయసు చెప్పడం మీకే కష్టమైతే 16 ఏళ్ల పిల్లకి ఎలా సాధ్యం? ప్రచురణకర్తలే తడబడిన సందర్భాలున్నాయి. సారా జె. మాస్ రాసిన 'ఎ కోర్ట్ ఆఫ్ థోర్న్స్ అండ్ రోజెస్' 2015లో యంగ్ అడల్ట్ పేరుతోనే వచ్చింది. లోపలి సంగతి అందుకు సరిపోదని తేలాక, 2020లో కొత్త అట్టలతో పెద్దల విభాగంలోకి మార్చారు. పాత అట్టలతో ఉన్న కాపీలు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి.

కాబట్టి ఎవరికైనా, ముఖ్యంగా 18 లోపు వాళ్లకి, పుస్తకం చెప్పేముందు చూడాల్సినవి కొన్నున్నాయి. కష్టమేమీ కాదు, ఒక్కో పుస్తకానికి పావుగంట చాలు.

మొదట పుస్తకం వెనక అట్ట, లోపల ముద్రణ వివరాలుండే పేజీ చూడండి. చాలా పుస్తకాల మీద విభాగం పేరు వేస్తారు. 'యంగ్ అడల్ట్ ఫిక్షన్' అని ఉంటే సాధారణంగా 12 నుంచి 18 ఏళ్ల వాళ్లని ఉద్దేశించింది. ఉత్త 'ఫిక్షన్, రొమాన్స్' అని ఉంటే పెద్దలది. ఆన్‌లైన్లో అమ్మేచోట పుస్తకం వివరాల్లో చదివే వయసు అని ఒక గడి ఉంటుంది, పిల్లల పుస్తకాలకీ యంగ్ అడల్ట్‌కీ దాన్ని తరచుగా నింపుతారు. ఖాళీగా ఉంటే అనుమానించండి. మీ చెల్లి కొన్నట్టు చవగ్గా దొరికే కాపీలు చాలావరకు దొంగ ముద్రణలు. పల్చటి కాగితం, అలికినట్టున్న అట్ట. ముద్రణ వివరాల పేజీ ఒక్కోసారి ఉండనే ఉండదు, ఉన్నా అక్షరాలు కనబడవు. అంటే చూసుకోవాల్సిన పేజీయే అందులో లేదు.

తర్వాత కథానాయిక వయసు. 15 నుంచి 18, బడి, ఇల్లు, పరీక్షలు అయితే చాలావరకు యంగ్ అడల్ట్. 19 నుంచి 25, కాలేజీ హాస్టలు, మొదటి ఉద్యోగం అయితే న్యూ అడల్ట్ అంటున్నారు. ఆ పేరు వినడానికి పిల్లలదిలా ఉంటుంది గానీ లోపల ఉండేది పెద్దల సరుకే. మీ చెల్లిలాంటి వాళ్లు ఎక్కువగా పొరబడేది ఈ మెట్టు దగ్గరే. ఇంకో మాట, యంగ్ అడల్ట్ అన్నంత మాత్రాన ముద్దుతో ఆగిపోతుందని కాదు. అందులోనూ సెక్స్ ప్రస్తావన, ఆత్మహత్య, మత్తుమందులు రావచ్చు. తేడా చెప్పే పద్ధతిలో ఉంటుంది. చాలావరకు వివరాల్లోకి వెళ్లకుండా తలుపు దగ్గర ఆపేస్తారు.

మొదటి పేజీల్లో రచయిత హెచ్చరిక ఉందేమో చూడండి. ఇప్పుడు చాలామంది హింస, బలవంతం, వివరమైన శృంగారం లాంటివి ఉన్నాయని ముందే రాస్తున్నారు, కొందరు తమ వెబ్‌సైటులో పెడుతున్నారు. ఈ-బుక్కు ఉచిత నమూనాని మాత్రం నమ్ముకోవద్దు. అది సాధారణంగా మొదటి పదోవంతు మాత్రమే చూపిస్తుంది. నడక పైన చెప్పాను కదా, ఆ పదోవంతులో ఏ నవలైనా పసిపాపలాగే ఉంటుంది. పుస్తకం చేతిలో ఉంటే సగం దగ్గర, ముప్పావు దగ్గర తెరిచి పదేసి పేజీలు తిప్పండి. ఇక శృంగారం ఎంత ఉందో చెప్పడానికి చదివినవాళ్లు మిరపకాయ బొమ్మలతో ఇచ్చే ఘాటు లెక్కలు. వాటికి కొలమానం లేదు. రోజూ అవే చదివేవాళ్లు రెండు మిరపకాయలన్నది కొత్తవాళ్లకి నాలుగు అవుతుంది.

ఇన్ని చూశాక మీరు గ్రూపులో పెట్టే మాట ఇలా మారుతుంది: "పెద్దల రొమాన్స్, 18 దాటినవాళ్లకి. ఒకే ఆఫీసులో పడని ఇద్దరి కథ. వివరమైన దృశ్యాలున్నాయి. హీరోయిన్ మాటలు తెగ నవ్విస్తాయి. ఇద్దరూ విడిపోయే కారణం మాత్రం ఒక్క ఫోను కాల్‌తో తీరిపోయేది, దాన్ని 60 పేజీలు లాగారు. నాకు 5కి నాలుగున్నర." మీ సంబరం ఎక్కడికీ పోలేదు చూడండి. పైగా 'ఒక్క ఫోను కాల్' అన్న మాట చదివి కొనాలా వద్దా అని తేల్చుకునేవాళ్లుంటారు, 'చదవనివాళ్లు పాపం' అన్నది చదివి ఎవరూ ఏమీ తేల్చుకోలేరు.

కానీ ఈ మాటనే పిల్లలున్న గ్రూపులో పెడితే? "వివరమైన దృశ్యాలున్నాయి, 18 దాటినవాళ్లకి" అన్నది 16 ఏళ్ల వాళ్లకి హెచ్చరిక అవుతుందా, ఆహ్వానమవుతుందా మీకే తెలుసు. అందుకే గ్రూపు విషయంలో మూడు దారులు చెప్తాను, మూడింటికీ ఖర్చుంది. పూర్తిగా మానేస్తే ఇంట్లో గొడవ ఈ వారమే చల్లారుతుంది. అయితే మీరు దాచుకుని చదవడం మొదలుపెడతారు, చెల్లికి పుస్తకాల గురించి అడగడానికి ఒక మనిషి తగ్గిపోతుంది. అదే గ్రూపులో వయసు గుర్తులతో కొనసాగిస్తే శ్రమ తక్కువ, కానీ ఆహ్వానం సమస్య అలాగే ఉంటుంది, రెండోసారి ఇలాంటిదే జరిగితే పిన్ని ముందు నిలబడలేరు. గ్రూపుని రెండు చేస్తే, పెద్దలకొకటి, పిల్లలకొకటి, కొంత చాకిరీ పడుతుంది. పిల్లల గ్రూపులో యంగ్ అడల్ట్ మాత్రమే, అదీ పూర్తిగా చదివినవే పెట్టాలి. అందులో ఒక తల్లినో తండ్రినో చేర్చుకుంటే మీకే రక్షణ. నాకు మూడోది సబబుగా తోస్తోంది. డీఎస్సీ పరీక్ష దగ్గరపడుతుంటే మాత్రం అప్పటిదాకా పిల్లల గ్రూపు ఊసెత్తకండి. సగం సగం చదివి చెప్పడం కంటే అది నయం.

ఇప్పుడు క్షమాపణ. నవల చదివినందుకు మీరు ఎవరికీ క్షమాపణ చెప్పక్కర్లేదు. పిల్లలున్నచోట వయసు చెప్పకుండా పొగిడినందుకు మాత్రం చెప్పాలి. ఈ రెండూ కలిసిపోకుండా మాట్లాడటమే మీ పని. కన్యాశుల్కం పుట్టిన ఊరివారికి వేరే చెప్పాలా, ఇంగ్లీషు చదువు పేరు చెప్పి వెంకటేశానికి చుట్ట అలవాటు చేసిన గిరీశంలా కనబడుతున్నారు మీరిప్పుడు పిన్నికి. ఆవిడకి కోపం కన్నా, 'నా అక్క కూతురే కదా అని నమ్మాను' అన్న బాధ ఎక్కువ ఉండి ఉంటుంది.

వాట్సాప్‌లో పొడుగాటి మెసేజ్ పెట్టకండి. అది పదిమంది చుట్టాలకి ఫార్వర్డ్ అవుతుంది, మీ అమ్మగారి భయం అప్పుడు నిజమవుతుంది. ఏ పెళ్లిలోనో పేరంటంలోనో కలిసినప్పుడు చెబుదామంటే అక్కడ పదిమంది మధ్య ఆ మాట ఎవరు ఎత్తుతారో, ఎలా ఎత్తుతారో మీ చేతుల్లో ఉండదు. బస్సెక్కితే శ్రీకాకుళం ఎంత దూరం గనక. బడి లేని రోజు చూసుకుని వెళ్లండి. అమ్మగారు కూడా వస్తానంటే రానివ్వండి. కానీ మాట్లాడేది మీరే కావాలి. ఇలా చెప్పొచ్చు: "పిన్నీ, ఆ పుస్తకం నా వయసువాళ్లది. చెల్లి ఉన్న గ్రూపులో ఆ సంగతి చెప్పకుండా పెట్టాను. నాదే పొరపాటు. దానికోసమని నేను పంపలేదు. ఇకమీద దానికి ఏ పుస్తకం చెప్పినా ముందు నీకు చూపిస్తాను." చివరి వాక్యం నిలబెట్టుకోగలననుకుంటేనే అనండి. రెండేళ్లకి చెల్లికి 18 వస్తాయి, ఆ మాటకి అక్కడితో గడువు తీరుతుందని మీకు మీరే గుర్తుపెట్టుకోండి. "నువ్వు ఒక్క పేజీ చూసి మాట్లాడుతున్నావు" అని మాత్రం అనొద్దు. నిజమే అయినా, ఆ రోజుకి అది పనికిరాని నిజం.

ఆవిడ వినకపోతే? వినకపోవచ్చు. ఒక నెల వదిలేసి మళ్లీ ఫోను చెయ్యండి. ఆ నెలలో చెల్లితో చాటుగా, స్నేహితుల ఫోన్ల ద్వారా మాట్లాడకండి. అది బయటపడితే పుస్తకం గొడవ కాస్తా నమ్మకద్రోహం గొడవ అవుతుంది.

ఇంతమందిలో ఆ పిల్లని ఎవరూ ఏమీ అడగలేదని గమనించారా? తిట్టారు, ఫోను లాక్కున్నారు. ఎంతవరకు చదివావు, నీకేమనిపించింది, అర్థం కానిదేమైనా ఉందా అని అడిగినవాళ్లు లేరు. ఫోను తిరిగి చేతికొచ్చిన రోజున ఆ పుస్తకం మిగతా సగం పీడీఎఫ్‌గా సంపాదించడం ఆ వయసు పిల్లలకి పెద్ద పని కాదు. అప్పుడు చదివితే పక్కన ఎవరూ ఉండరు. పిన్ని మనసు కాస్త మెత్తబడ్డాక ఈ మాట ఆవిడతోనే అనండి. ఆవిడ టీచరు కాబట్టి మీకన్నా బాగా అర్థం చేసుకోగలరు.

చదవడం మీద నిషేధం పెట్టేబదులు దారి మళ్లించడానికి ఒప్పుకుంటే, జెన్నీ హాన్ రాసిన 'టు ఆల్ ద బాయ్స్ ఐ హావ్ లవ్డ్ బిఫోర్' (2014) తో మొదలుపెట్టొచ్చు. 16 ఏళ్ల లారా జీన్ రహస్యంగా రాసుకుని దాచుకున్న ప్రేమలేఖలు ఎలాగో పోస్టులో వెళ్లిపోతాయి. తల్లి లేని ఇల్లు, అక్కచెల్లెళ్ల మధ్య ప్రేమా అలకా, కొరియన్ వంటకాలు, అన్నీ ఉంటాయి. రొమాన్స్ ఉంది, వివరమైన దృశ్యాలు లేవు. 2015లో వచ్చిన రెండో భాగంలో ఆ అమ్మాయికి తెలియకుండా తీసిన వీడియో ఇన్‌స్టాగ్రామ్‌లో తిరుగుతుంది. ఇంటర్ చదివే పిల్లతో తల్లి మాట్లాడాల్సిన విషయం అంతకన్నా ఏముంటుంది? మొదటి భాగం కొని పిల్ల చేతికి కాకుండా పిన్ని చేతికి ఇవ్వండి, ఆవిడే ముందు చదువుతారు. ఆవిడ చదవనంటే పట్టుబట్టకండి, పుస్తకం అక్కడే వదిలేసి రండి.

అమ్మగారి మాటకొస్తే, 'నలుగురి నోట' అన్న భయం పిన్నితో సయోధ్య కుదిరితే సగం పోతుంది, ఎందుకంటే ఆ నలుగురిలో మొదటివారు పిన్నే. మిగతా సగానికి ఒక చిన్న పని: పెళ్లికి ముందు ఏమేం చదివేవారో అమ్మని అడగండి. ఆ తరంలో చాలామంది వారపత్రికల సీరియళ్లు, రోజుకి ఇంత అని అద్దెకి తెచ్చుకున్న నవలలు చదివి, వాటికోసం తిట్లు తిన్నవాళ్లే. పొడవాటి కారూ పొగరూ ఉన్న హీరోని వాళ్లు కొత్తగా పరిచయం చేసుకోనక్కర్లేదు. అమ్మ అవేవీ చదవలేదంటే ఈ పని వదిలెయ్యండి. పరీక్ష అయ్యేదాకా రాత్రి చదువు ఒక గంటకి తగ్గిస్తానని చెప్తే ఎక్కువ పనిచేస్తుంది.

రాజాం స్నేహితురాలి ప్రశ్న నాకు అన్నిటికన్నా గట్టిదనిపించింది. ఆమె మిమ్మల్ని సరైనచోట పట్టుకుంది. అయితే మీరిచ్చిన జవాబు కూడా పూర్తిగా కొట్టిపారేసేది కాదు, సగంలో ఆగిపోయిందంతే.

ఒక నవలలో హీరో చెయ్యెత్తాడంటే మూడు వేరు వేరు ప్రశ్నలున్నాయి. అతను ఏం చేశాడు? ఆ పనిని నవల ఎలా చూస్తోంది? నాకు నచ్చిందా? మీరు మొదటి ప్రశ్నకీ మూడో ప్రశ్నకీ మాత్రమే మార్కులు వేస్తున్నారు. రెండోది వదిలేస్తున్నారు. కొలీన్ హూవర్ రాసిన 'ఇట్ ఎండ్స్ విత్ అస్' (2016) తీసుకోండి. ముగింపు చెప్పేస్తున్నాను, చదవనివాళ్లు ఈ పేరా దాటెయ్యండి. అందులో భర్త కొడతాడు, పశ్చాత్తాపపడతాడు, మళ్లీ కొడతాడు. చదివేవాళ్లకి అతని మీద మమకారం పుట్టేలాగే మొదటి సగం నడుస్తుంది. కానీ కూతురు పుట్టాక హీరోయిన్ లిల్లీ అతన్ని వదిలేస్తుంది. దెబ్బకి ప్రేమ అని పేరు పెట్టకుండా కథ దాన్ని దెబ్బగానే లెక్కపెడుతుంది. అది పెద్దల నవలే అయినా, ప్రేమకథ అనుకుని చేతిలోకి తీసుకున్న చిన్నపిల్లలు చాలామంది ఉన్నారు. అది వేరే చిక్కు. మీరు 5 ఇచ్చిన మాఫియా నవలలో ట్రాకర్ సంగతి ఏమవుతుంది? మీ ఉత్తరం ప్రకారం హీరోయిన్‌కి అది తెలిసి, ఒక పేజీ అలిగి, అతనికి తనమీద ఎంత శ్రద్ధో అని మురిసిపోతుంది. అంటే ఆ నవల దాన్ని శ్రద్ధగానే చూస్తోంది. స్నేహితురాలి 14వ భాగం ఇంకా ఏమీ తేల్చలేదు, ఎందుకంటే కథ నడుస్తోంది. తేలనిదానికి 2, తేల్చి తప్పుగా తేల్చినదానికి 5. ఇదీ ఆమె బాధ.

మరి "అది ఊహాలోకం, ఇది మన ఊరు" అన్నదాంట్లో నిజం లేదా? ఉంది. ఇలా నేరం, బలవంతం కలిసిన ప్రేమకథల్ని డార్క్ రొమాన్స్ అంటారు, అవి చదివే పెద్దవాళ్లు అది ఆట అని తెలిసే చదువుతారు. న్యూయార్క్ మాఫియావాడు మన పక్కింట్లోకి అద్దెకి రాడు. రాజాంలో ఉన్న మొగుడు చెంప పగలగొడితే ఆ శబ్దం మనకి విన్నట్టే ఉంటుంది, ఆడుకోవడానికి దూరం చాలదు. ఇది న్యాయమైన తేడా. కానీ ఈ తేడా మీరు రెండు అభిప్రాయాల్లో ఎక్కడా రాయలేదు. మాఫియా నవల దగ్గర "ఇది ఆట, నిజంలో ఇలాంటివాడైతే పోలీసు కేసు" అని ఒక్క ముక్క రాసి ఉంటే, స్నేహితురాలి ప్రశ్నకి జవాబు ముందే ఉండేది. అప్పుడు ఆమె కథ మీకు ఎందుకు అంత గుచ్చుకుందో కూడా ఆమెకి అర్థమయ్యేది. బహుశా ఆమె బాగా రాసింది కాబట్టే గుచ్చుకుంది.

నక్షత్రాల సంగతి లెక్కేసి చూద్దాం. ఆ భాగానికి 8 మంది ఐదేసి ఇచ్చి, తొమ్మిదోవారు మీరు 2 ఇస్తే సగటు 5 నుంచి సుమారు 4.7కి పడుతుంది. 300 మంది ఇచ్చినచోట మీ 2 కనబడనే కనబడదు. కొత్తగా రాసేవాళ్లకి తెలిసినవాళ్ల 2 అంత బరువెందుకో ఇప్పుడు తెలుస్తుంది. దాన్ని తీసెయ్యొచ్చు. తీసేస్తే స్నేహం తొందరగా అతుక్కుంటుంది, కాకపోతే రేపు మీరిచ్చే 5ని కూడా ఆమె మొహమాటమే అనుకుంటుంది. ఉంచెయ్యొచ్చు. ఉంచితే మీ మాట మీద మీరున్నట్టు, కానీ పూర్తికాని కథకి తీర్పు చెప్పారన్న నింద మిగులుతుంది. ఇంకో దారి, నక్షత్రాలు తీసేసి, అభిప్రాయాన్ని వార్డెను మాట లేకుండా తిరగరాయడం. "14వ భాగంలో చెంపదెబ్బ నన్ను ఆపేసింది. ఆమె దీన్ని ఎలా తీసుకుంటుందో చూడాలని ఎదురుచూస్తున్నాను" అంటే విమర్శ అలాగే ఉంది, కథకి తలుపు తెరిచి ఉంది. మార్కులు సీరియల్ పూర్తయ్యాక వెయ్యండి. ఈ పద్ధతి ఆమెకొక్కదానికే కాదు, మీరు చదివే సీరియళ్లన్నిటికీ పెట్టుకుంటే పక్షపాతం అన్న మాట రాదు.

రచయితకి పనికొచ్చే మాట వేరే ఉంటుంది. దాన్ని అందరిముందూ కాకుండా ఫోన్లో, అదీ "చెప్పమంటావా?" అని అడిగాకే చెప్పాలి. చెప్పేటప్పుడు హీరో గుణగణాల మీద ఉపన్యాసం వద్దు, పేజీ మీద వేలు పెట్టండి. ఉదాహరణకి, మీరు రాసినదాన్నిబట్టి 14వ భాగం దెబ్బతో ముగుస్తుంది, 15వ భాగం మర్నాటి పొద్దున వంటింట్లో మొదలవుతుంది. మధ్యలో ఆ రాత్రి లేదు. ఆమె ఏమనుకుంది, ఎవరికైనా చెప్పిందా, చెంప వాచిందా, అత్తగారు చూశారా? ఇవి లేకపోవడం వల్లే దెబ్బకి ఖరీదు లేనట్టయింది. ఉత్కంఠ కోసం భాగాన్ని దెబ్బ దగ్గర ఆపడం, మరుసటి భాగంలో దాన్ని దాటేసి పరిగెత్తడం సీరియళ్లలో తరచూ జరిగే లోపం. వారం వారం భాగం పెట్టాలన్న ఒత్తిడిలో వెనక్కి తిరిగి చూసుకునే తీరిక ఉండదు. "ఆ రాత్రి ఒక్క పేజీ రాసి చూడవూ" అంటే ఆమె చెయ్యగల పని. "నీ హీరో మంచివాడు కాదు" అంటే ఆమె చెయ్యగలిగింది గొడవపడటమే. ఒకసారికి ఒక్క సంగతే చెప్పండి. రెండోది ఆమె అడిగితే.

అన్నట్టు, మీరు 14 దగ్గరే ఆపేశారు, 15వ భాగం మొదలు మాత్రం చూశారని ఉత్తరంలోనే ఉంది. ఫోను చేసేముందు ఇప్పటిదాకా వచ్చిన భాగాలన్నీ చదివెయ్యండి. ఆమె వేసే మొదటి ప్రశ్న అదే అవుతుంది.